మత్తులో చెప్పిన కథ

జూలై 1, మంగళవారం

మా టవర్‌లో మొహం చూసి తెరుచుకునే గేట్లు పెట్టారు. నవ్వితేనే తెరుచుకుంటుందని కొత్తగా చేరిన పిల్లలకి చెప్పాను. పొద్దున్నుంచి ఒక్కొక్కరూ గేటు ముందు పళ్లికిలించి నిలబడ్డారు. ఒకడికి వెంటనే తెరుచుకోలేదు. ఇంకాస్త నవ్వమన్నాను, నవ్వాడు. వెనక లైను లిఫ్టుల దాకా ఆగిపోయింది. తొమ్మిదో అంతస్తు ప్యాంట్రీలో టీలు కలుపుకునేవాడి పేరు మొత్తం టవర్‌కి తెలుసంటే ఊరికే తెలుస్తుందా. "ప్రకాశం అన్నా, ఇవాళ బకరా ఎవరు?" అని అడక్కుండా ఎవరూ కప్పు ముట్టరు.

బోరబండ వచ్చి ఇంటి తాళం తీశాక మాత్రం నోరు విప్పే పనే ఉండదు. అందుకే ఈ రాత. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన చేతికి పెన్ను పలుగులా బరువుగా ఉంది.

జాస్మిన్ ఫోన్ చేసింది. బాచుపల్లి బడిలో టీచరైనప్పటినుంచి నా కూతురు నాతో కూడా హాజరు తీసుకుంటున్నట్టే మాట్లాడుతుంది.

"నాన్నా, ఇరవై ఏడున అమ్మ ఏడాది జ్ఞాపకార్థ కూడిక. సాక్ష్యం నువ్వే చెప్పాలి."

"పాస్టర్ అయ్యగారు చెప్తారుగా."

"అయ్యగారికి అమ్మ గురించి ఏం తెలుసు? అమ్మ ఎలా ఉండేదో చెప్పు చాలు. ఒక్కటి చెప్పు."

సరే అన్నాను.

ఏం చెప్పాలి? లీదియా అనుకోగానే ఆసుపత్రి మంచం వస్తుంది. మూతి మీద మాస్కు. మాస్కు లోపల ఏదో అంటోంది, ఆవిరి పట్టి పెదాలు కనపడటం లేదు. ఏమంటున్నావే అని వంగాను. వినపడలేదు. అక్కడే ఆగిపోతుంది. దాని వెనక్కి వెళ్లనివ్వదు. పెళ్లి తలుచుకున్నా ఆ మంచమే, బ్లౌజులు కుట్టే మిషను చూసినా ఆ మంచమే. అంత కాపురాన్నీ ఆ మంచం మింగి కూర్చుంది.

జూలై 3

పన్ను నొప్పి. కింద అంతస్తులో పళ్ల క్లినిక్కు ఉంది. హౌస్‌కీపింగ్ వాళ్లకీ ప్యాంట్రీ వాళ్లకీ ఈ నెలంతా ఉచితమట. వెళ్లాను. అక్కడ పనిచేసే హరిత నన్ను చూడగానే నడుం మీద చెయ్యి పెట్టుకుంది. పోయిన నెల, టవర్ పైన స్టాఫ్‌కి హెలికాప్టర్‌లో ఉచితంగా ఒక రౌండు తిప్పుతున్నారని నేను చెప్తే, టిఫిన్ డబ్బా పట్టుకుని టెర్రస్ దాకా ఎక్కింది.

"రా అంకుల్, రా. ఇయ్యాల నువ్వు మా చేతికి చిక్కినవ్."

డాక్టరమ్మ సంయుక్త చిన్నపిల్ల, నెమ్మదస్తురాలు. చివరి పన్ను తీసెయ్యాలంది. సూది చూడగానే నా బీపీ పెరిగింది. "లాఫింగ్ గ్యాస్ ఇస్తానంకుల్. మెలకువగానే ఉంటారు, భయం మాత్రం ఉండదు. పిల్లలకి కూడా ఇస్తాం" అంది. హరిత మాస్కు తెచ్చింది.

కుర్చీ దిగి వచ్చేశాను. టీ టైమైంది అని చెప్పాను.

జూలై 4

నొప్పికి దవడంతా వాచింది. మళ్లీ వెళ్లాను.

మాస్కు ముక్కుకే పెట్టారు, మూతికి కాదు. అది కాస్త నయం. కళ్లు మూసుకున్నాను. స్ట్రాబెర్రీ వాసన. ముందు కాళ్ల వేళ్లు తిమ్మిరెక్కాయి, తర్వాత చేతులు. ఎవరో నన్ను కుర్చీలోంచి జానెడు పైకి లేపి అక్కడే వదిలేసినట్టుంది. డాక్టరమ్మ గొంతు పక్కింటి రేడియోలా వినపడింది. మంచం వచ్చింది. వస్తుందని తెలుసు. కానీ దూరంగా వచ్చింది, రోడ్డు అవతల దుకాణంలో అమ్మకానికి పెట్టినట్టు. చూశాను. అంతే, చూశాను.

పన్ను ఎప్పుడు వచ్చిందో తెలీదు. తర్వాత కాసేపు ఒట్టి ఆక్సిజన్ ఇచ్చి లేపారు.

జూలై 5

మంచం వచ్చింది. ఒట్టి మంచమే.

జూలై 8

బాగా నిద్ర పడుతోంది. చేపల పులుసు చేసుకుని తిన్నాను. బస్సు ఆ ఆసుపత్రి ముందునుంచి పోతుంటే మొహం తిప్పుకోలేదు. అన్ని అంతస్తుల కిటికీలూ చూశాను. మంచి బిల్డింగే.

నవ్వు గ్యాస్ అంటారు గాని నాకు నవ్వేం రాలేదు. ఏడుపు పోయింది. చాలదా.

జూలై 10

ఇంకో పన్ను నొప్పి. నిజంగానే. నాలుకతో గట్టిగా నొక్కి పట్టుకుంటే నొప్పి.

జూలై 11, శుక్రవారం

"ఇది రూట్ కెనాల్ చేస్తే బతుకుతుందంకుల్" అంది డాక్టరమ్మ.

"బతకాలని లేనిదాన్ని ఎందుకమ్మా బలవంతంగా బతికించడం. పీకెయ్యండి. గ్యాస్ మాత్రం మర్చిపోకండి."

ఆవిడ నా మొహంలోకి ఒక నిమిషం చూసింది. సగం పుచ్చిన పన్నే కాబట్టి చివరికి ఒప్పుకుంది. ముక్కుకి మాస్కు, దవడకి సూది. మొద్దుబారేదాకా ఆగాలన్నారు. ఆగాను. అక్కడిదాకే నాకు తెలుసు.

లేచేసరికి హరిత గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకుంటోంది. డాక్టరమ్మ మాస్కు వెనకాల నవ్వుతోంది, భుజాలు ఊగుతున్నాయి.

"అంకుల్, లీదియా ఆంటీ నీకంటే పెద్ద కంత్రీ! నిన్నే బకరా చేసిందంటే ఆమెకు దండం పెట్టాలె."

లీదియా పేరు నేను వీళ్లకి ఎప్పుడు చెప్పాను? అడుగుదామంటే నోట్లో దూది కుక్కి ఉంది, గట్టిగా కొరికి పట్టుకోమన్నారు. తలూపాను. గుర్తున్నట్టే ఊపాను.

జూలై 12

ఏం చెప్పాను?

లీదియా నన్ను బకరా చెయ్యడమేంటి. నేనే దాన్ని చేసేవాణ్ణి. ఎంత ఆడించినా మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. "అయిందా మీ నాటకం? అన్నం తినండి" అనేది. అంతే గుర్తుంది.

వాళ్లు కళ్లు తుడుచుకునేంత కథ నా దగ్గర ఉంది. నా నోటితోనే చెప్పాను. నాకే లేదు.

జూలై 14

హరితకి టీ పట్టుకెళ్లాను, అల్లం ఎక్కువ వేసి. "నేను ఆ రోజు చెప్పిందాంట్లో నీకెంత గుర్తుందో చూద్దాం, మొదట్నుంచి చెప్పు" అన్నాను.

"నాకు పరీక్షలు పెడ్తున్నవా? నేను ఇంటర్ పాస్ అంకుల్" అని టీ తాగి కప్పు చేతిలో పెట్టింది.

సూటిగా అడగొచ్చు. అమ్మా, నా పెళ్లాం కథ నాకు చెప్పు అని. ఏ మొహంతో?

జూలై 16

మంచం మామూలుగా వచ్చేసింది. పోయినట్టే పోయి, ఇంకా దగ్గరికి. టీ పోస్తుంటే చెయ్యి కాలింది.

జాస్మిన్ అడిగింది, రాసుకుంటున్నావా నాన్నా అని. రాసుకుంటున్నా అన్నాను. అబద్ధమేం కాదు, రాస్తూనే ఉన్నాగా.

జూలై 17, గురువారం

మూడో పన్ను. ఈసారి బాగా నటించాను. డాక్టరమ్మ చిన్న కడ్డీతో తడితే కేక పెట్టాను. ఆవిడ పక్క పన్ను తట్టింది. దానికీ కేక పెట్టాను. అసలు పన్నే లేని చోట చిగురు మీద తట్టింది. అక్కడ కూడా కేక పెట్టాక తెలిసింది, దొరికిపోయానని.

హరితని బయటికి పంపి స్టూలు లాక్కుని కూర్చుంది.

"గ్యాస్ కోసం వస్తున్నారు కదూ?"

ఆ పన్ను లేని చోటుని నాలుకతో తడుముకున్నాను.

"అంకుల్, అది ఉన్నంతసేపు బాధ మొద్దుబారినట్టు ఉంటుంది. కొంతమందికి తర్వాత కొన్ని రోజులు మనసు తేలిగ్గా కూడా ఉండొచ్చు. డిప్రెషన్‌కి పనికొస్తుందా అని పెద్దపెద్ద చోట్ల పరిశోధనలు చేస్తున్నారు. కానీ అది మానసిక డాక్టర్లు చూసుకోవాల్సింది. పళ్లు పీకించుకుంటూ చేసేది కాదు."

"మరి నేనేం చెప్పానో నాకెందుకు గుర్తులేదమ్మా?"

"గ్యాస్ మీద ఉన్నప్పుడు మెదడు కొత్తగా ఏదీ సరిగ్గా దాచుకోదు. పాత సంగతి లోపల్నుంచి వస్తుంది. మీరు చెప్తారు. చెప్పినట్టు మాత్రం మిగలదు."

"పాతది లోపలే ఉంటుందా?"

"ఉండాలి. లేకపోతే ఎలా చెప్తారు?"

ఏం చెప్పానంటే, తను మధ్యలో ఫోన్ కోసం బయటికి వెళ్లిందట, చివర్లో నవ్వు మాత్రం విన్నదట. హరితనే అడగమంది. ఒక మానసిక డాక్టరు నంబరు నా ఫోన్‌లో ఎక్కించింది. ఆయన దగ్గరికి వెళ్తానని మాట తీసుకుంది. దొంగ నొప్పికి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

జూలై 18

అడిగేశాను. "హరితా, నాకు నిజంగా గుర్తులేదమ్మా. చెప్పు."

అది నా వెనక, పక్కన, పైన చూసింది, ఎవరైనా ఫోన్‌లో వీడియో తీస్తున్నారేమోనని.

"మళ్ల హెలికాప్టరా?"

"ఒట్టు."

"మొన్న టెర్రస్ కాడ గూడ ఒట్టే పెట్టినవ్." కానీ చెప్పింది. "గోల్కొండ కథ అంకుల్. పెండ్లైన కొత్తల నువ్వూ ఆంటీ గోల్కొండకు పోయిండ్రు. నువ్వు కింద ఉంటే ఆంటీ పైన దాక్కొని చప్పట్లు కొట్టింది. నువ్వు పైకి ఉరికితే ఆమె కిందికి దిగి కొట్టింది. గట్ల దినమంత నిన్ను ఎక్కించి దించిందట."

ఎప్పుడో చెప్పుల జత పోగొట్టుకున్నవాడికి చెప్పులు దొరికినట్టయింది. బస్సులో కూర్చుని కళ్లు మూసుకున్నాను.

జూలై 20, ఆదివారం

గోల్కొండ వస్తోంది. మెట్లు వస్తున్నాయి. నిన్న చీర కూడా వచ్చింది, పసుపు రంగు, అంచు ఆకుపచ్చ. పైనుంచి తొంగి చూసి కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతోంది. లీదియా నవ్వడం. మంచాన్ని పక్కకి తోసి మరీ వస్తోంది.

ఆదివారం ప్రార్థనకి గుడికి వెళ్లాను. కూడికలో చెప్పేది దొరికిందని అయ్యగారికి చెప్పాను. జాస్మిన్‌కి కూడా ఫోన్ చేసి, "గోల్కొండ సంగతి చెప్తానమ్మా" అన్నాను.

"అమ్మ గోల్కొండకి ఎప్పుడెళ్లింది? మేం బడినుంచి వెళ్తుంటే కూడా మెట్లెక్కలేను అనేది."

"నువ్వు పుట్టకముందు."

జూలై 21, సోమవారం

చీర సంగతి కూడా ఆ రోజు చెప్పానో లేదో తెలుసుకుందామని హరిత దగ్గరికి వెళ్లాను.

"పసుపు చీర అని చెప్పానా నీకు? ఆకుపచ్చ అంచు? పై మెట్టు మీద నిలబడి నవ్విందని?"

అది చేతిలో ట్రే బల్ల మీద పెట్టేసింది.

"అంకుల్... నీకు నిజంగనే యాదిలేదా?"

"అందుకేగా అడిగింది."

"అయ్యో దేవుడా. గోల్కొండ అబద్ధమంకుల్. హెలికాప్టర్‌కు బదులుగ నేనే అల్లి చెప్పిన. నువ్వు నవ్వి, దొంగదానా అంటవనుకున్న."

నవ్వాను. అలవాటు కదా. నవ్వాక పేషెంట్లు కూర్చునే సోఫాలో కూలబడ్డాను. పసుపు చీర ఎక్కడినుంచి తెచ్చాన్రా దేవుడా. దానికి అంచు కూడా కుట్టాను. చప్పట్ల చప్పుడు కూడా విన్నాను. ఇంకో వారం పోతే ఏ రోజు వెళ్లామో కూడా చెప్పేవాణ్ణి.

పోయిన ఏడాది శ్మశానంలో కూడా అలా ఏడవలేదు. హరిత పక్కనే కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. అదీ ఏడుస్తోంది. లోపలికి రాబోయిన పేషెంటు, వీళ్లకి ఇంత నొప్పి పెట్టారేంటని గుమ్మంలోనే ఆగిపోయాడు.

అప్పుడు అసలుది చెప్పింది. దాని మాటల్లోనే రాస్తున్నాను, నావి కలిపితే మళ్లీ చీరలు కట్టేస్తాను.

"పెండ్లైన కొత్తల, ఆంటీని దడిపియ్యాలని నువ్వు మంచం కింద దాక్కున్నవంట. ఆంటీ వచ్చింది. నిన్ను చూసిందో లేదో తెల్వది. మళ్ల బయటికి పోయి, వచ్చి, మోకాళ్లేసి జోరుగ ప్రార్థన మొదలుపెట్టింది. 'ప్రభువా, మా ఆయన ఇంకా ఇంటికి రాలేదు. ఆయన గురక రైలు కంటే పెద్దది, ఆయన మేజోళ్లకి కుక్కలు కూడా దూరంగా పోతాయి, అయినా ఆయన్ని కాపాడు' అని. అంతల ఆడోళ్ల కూడిక మంది మొత్తం వచ్చి మంచం మీద, చాప మీద కూసున్నరు. పాటల మీద పాటలు. నువ్వు కింద. బయటికొస్తే ఇజ్జత్ పోతది, ఉంటే పాణం పోతది. లాస్ట్‌కు ఆంటీ అందరికి చాయ్ పోసింది. పోసి, ఒక కప్పును కిందికి చూడకుంట, కాలుతోని నీ దిక్కు మంచం కిందికి తోసింది."

"కప్పు కాడికొచ్చేసరికి నువ్వు నవ్వుడు చూడాలె అంకుల్, ముక్కు మీది మాస్కు ఊడిపోయింది."

గుర్తొచ్చిందా అంటే, వచ్చినట్టే ఉంది. గోల్కొండ కూడా వచ్చింది కదా.

జూలై 22

నా తలని నమ్మే పని లేదు. పాత గల్లీకి పోయి అనసూయమ్మని అడిగాను. మేం మొదట్లో ఉన్న గది పక్కనే ఆవిడ ఇల్లు. లీదియాని తమ్ముడి పెళ్లాంలా చూసేది. అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అనసూయమ్మా, నేనెప్పుడైనా మంచం కింద దాక్కుంటే మీరంతా వచ్చి ప్రార్థన చేశారా?"

చిక్కుడుకాయ ఆవిడ చేతిలోనే ఆగిపోయింది. తర్వాత నోరు మూసుకుంది. తర్వాత ఇక నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇన్నేండ్లకు ఎర్కైందా నీకు!"

"ఏం ఎరుక?"

"ఆ దినం కూడికనే లేకుండె ప్రకాశం! నీ కాళ్లు మంచం అవతలికి ఇంత పొడుగున బయటికున్నయ్. లీదియా చూసింది, పాలకు పోయినట్టు బయటికొచ్చి ఇంటింటికి తిరిగింది. 'మా ఆయన మంచం కింద ఉన్నాడు. ఎవరూ నవ్వకండి, చేతిలో ఏదో ఒక పుస్తకం పట్టుకుని రండి' అని. నేను బోనాలెత్తేదాన్ని, నాకు మీ పాటలొస్తయా? నా చేతిల ఎక్కాల పుస్తకం ఉండె. పెదవులు కదిపిన, అంతే. ఎంతసేపైతే గంతసేపు సాగదీయమన్నది. నవ్వు ఆపుకోలేక ఒకామె ఏడ్చుకుంట బయటికి పోయింది. నువ్వేమో ప్రార్థనల కరిగిపోయిందనుకున్నవ్."

"నాకెందుకు చెప్పలేదు, ఇన్నేళ్లు?"

"మాతోని ఒట్టు పెట్టించుకున్నది. 'ఆయన నన్ను ఎన్నిసార్లు ఆడించినా పర్వాలేదు, నా దగ్గర ఇదొక్కటుంటే చాలు' అన్నది. నువ్వు ఆమెను ఏడిపించినప్పుడల్ల మొఖం గట్ల గట్టిగ పెట్టుకునేది చూడు, లోపల అదే తలుచుకునేది." ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇగ ఎవలి కోసం దాచాలె."

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చాలాసేపు నవ్వాను. పోయిన మనిషి నన్ను కొత్తగా బకరా చేసింది. ఎలా తిరిగిచ్చేది?

జూలై 26, శనివారం

ఈసారి నిజం నొప్పి. ఎవరూ నమ్మరని ఓర్చుకున్నాను, పొద్దున్నకి చెంప పొంగింది. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇది నటన కాదు" అంది. చీము పట్టింది, తియ్యాలి. బీపీ చూసి తనే అంది, "గ్యాస్ ఇస్తానంకుల్, ఇవాళ అవసరమే."

హరిత మాస్కు తెచ్చింది. స్ట్రాబెర్రీ వాసన. నోరూరింది, పిల్లాడికి ఊరినట్టు. ఇది పీలిస్తే రేపు ఆ ఆసుపత్రి మంచం రోడ్డు అవతలే ఉంటుంది. నిలబడి, తడబడకుండా, గొంతు వణక్కుండా చెప్పేయొచ్చు. జాస్మిన్ సంతోషిస్తుంది.

కానీ చెప్పేది ఎవరి కథ? హరిత చెప్పింది, అనసూయమ్మ చెప్పింది. జరిగిందని తెలుసు, ఎక్కాల పుస్తకంతో సహా తెలుసు. అయినా నాకింకా పక్కింటివాళ్ల సంగతిలానే ఉంది. మంచం ఒక్కటే నాది. అదీ దూరం పెడితే నా దగ్గర లీదియాది ఏం మిగులుతుంది?

"సూది చాలమ్మా" అన్నాను.

"చేతులు వణుకుతున్నాయి అంకుల్."

"వణకనీ. హరిత పట్టుకుంటుంది."

పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది. సోమవారం ఆ మానసిక డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని డాక్టరమ్మకి చెప్పాను. అది కూడా జోకేమో అని చూసింది. కాదు.

జూలై 27, ఆదివారం

ఒక పక్క చెంప వాచే ఉంది. మాట సగం ముద్దగా వస్తోంది. గుడి నిండా మనుషులు. హరిత వచ్చింది. అనసూయమ్మ పాత గల్లీ ఆడవాళ్లని వెంటబెట్టుకుని వచ్చింది. చాప మీద ముందు వరసలో కూర్చున్నారు, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూడకుండా.

నిలబడ్డాను. ముందు నేను మంచం కింద దూరడం, గదిలోకి లీదియా రావడం, మళ్లీ బయటికి పోవడం, ప్రార్థన, మేజోళ్లు చెప్పాను. నవ్వులు మొదలయ్యాయి. ఎక్కాల పుస్తకం చెప్పాను. అయ్యగారు కూడా తల వంచుకున్నారు. అప్పచెప్తున్నట్టు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాను. కప్పు దగ్గరికొచ్చాను. "అందరికీ టీ పోసి..." అన్నాను.

మంచం వచ్చింది. మాస్కు, ఆవిరి, కనపడని పెదాలు. చాలా దగ్గరగా వచ్చింది. నోరు తెరుచుకుని ఉంది, మాట లేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గుళ్లో ఫ్యాను చప్పుడు వినపడింది. జాస్మిన్ సగం లేచి నా వైపు రాబోయింది.

అనసూయమ్మ చాప మీదనుంచే అంది, "ఆగినవేంది? చెప్పు. చాయ్ ఎట్లున్నది మరి? మాకైతే మంచిగనే పోసింది."

నేను ఏడుస్తూనే ఉన్నాను. మంచం పోలేదు. కానీ నా నోట్లో ఏదో తగిలింది. వాచిన చిగురు కాదు, మందు చేదు కాదు. పాత గదిలో, కింద పడుకుని, తల ఎత్తితే మంచం పట్టీకి కొట్టుకుంటూ, చప్పుడు కాకుండా కప్పు మూతికి పెట్టుకున్నాను. మొదటి గుక్కకే కళ్లలో నీళ్లొచ్చాయి. ఉమ్మడానికి లేదు, దగ్గడానికి లేదు. పైన మళ్లీ పాట మొదలైంది. మింగాను. ఆఖరి చుక్కదాకా మింగాను.

"ఉప్పు వేసింది" అన్నాను.

గుడి మొత్తం ఒక్కసారి పగలబడి నవ్వింది. అనసూయమ్మ నోరు తెరుచుకుని పక్కావిడ వైపు తిరిగింది, నీకు తెలుసా అన్నట్టు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. జాస్మిన్ ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ తన బడి గొంతుతో, "ఎన్ని చెంచాలు నాన్నా?" అని అడిగింది.

నిండా రెండు. ఆ సంగతి హరిత చెప్పలేదు. పాత గల్లీలో ఎవరికీ తెలీదు. తాగింది నేనొక్కణ్ణే.